చందా కట్టే ముందు మన ఊరి పేజీ చూడండి

(కడపలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)

పెద్దలకు, పిల్లలకు, వెనక నిలబడి ఉన్న తమ్ముళ్లకు అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు ఈ వారోత్సవాలు జరుగుతాయి. పిలిచిన ప్రతిసారీ పుస్తకాల గురించే మాట్లాడాను. ఈసారి పత్రికల గురించి మాట్లాడతానని నేనే అడిగాను. అందులోనూ ప్రయాణాల పత్రికల గురించి. కారణం ఉంది. ముప్పై ఏళ్లు సోషల్ టీచరుగా పనిచేశాను. మ్యాపు చుట్టి చంకలో పెట్టుకుని తరగతికి వెళ్లేవాణ్ని. నా ఎదురుగా కూర్చున్న పిల్లల్లో చాలామంది తిరుపతి తప్ప ఇంకో ఊరు చూసి ఎరగరు. వాళ్లకు మంచు కొండంటే ఏమిటో, ఎడారిలో ఇసుక తిన్నె ఎంత ఎత్తుంటుందో చూపించడానికి నా దగ్గర ఉన్నవల్లా పాత పత్రికల పేజీలు. అట్టకు అంటించి గోడకు తగిలించేవాణ్ని. ఒక పేజీ తప్పు చెబితే నలభై మంది పిల్లలు ఆ తప్పే నేర్చుకుంటారు. అందుకే ఏ పత్రికను నమ్మాలి అనేది నాకు ఇంట్లో ఊసుపోక ఆలోచించే విషయం కాలేదు, ఉద్యోగంలో భాగమైంది.

పదిహేనేళ్ల కిందటి మాట. ఒక ప్రయాణాల పత్రికకు మూడేళ్ల చందా కట్టాను. ఒక ఏడాదికి కడితే ఇంత, మూడేళ్లకు కడితే సగం ధర, పైగా చక్రాల సూట్‌కేసు ఉచితం అన్నారు. సూట్‌కేసు వారంలో వచ్చింది. పత్రిక నాలుగు నెలలు వచ్చింది. ఐదో నెల రాలేదు. ఫోన్ చేస్తే "డిస్పాచ్ అయింది సార్" అన్నారు. ఆరో నెలా అదే మాట. ఆ తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశారు. డబ్బు పోయిందని బాధపడ్డాను, కాదనను. కానీ అంతకంటే ఎక్కువ బాధ ఎక్కడ కలిగిందంటే, వచ్చిన ఆ నాలుగు సంచికలు ముందేసుకుని ఒక్కో పేజీ నిదానంగా చదివినప్పుడు. కట్టేముందు ఈ పని చేసి ఉంటే చందా కట్టేవాణ్నే కాదు. రెండో సంచికలో మన గండికోట గురించి ఆరు పేజీలు ఉన్నాయి. ఆ ఆరు పేజీలు చదివితే రాసినాయన గండికోటకు వచ్చినట్టే అనిపించలేదు.

నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇదే. ఒక ప్రయాణాల పత్రిక మంచిదో కాదో తెలియాలంటే అది స్విట్జర్లాండ్ గురించి ఏం రాసిందో చూడొద్దు. స్విట్జర్లాండ్ గురించి ఏం రాసినా మనం నమ్ముతాం, మనకు తెలియదు కాబట్టి. అది మన ఊరి గురించి ఏం రాసిందో చూడాలి. గండికోట, బెలుం గుహలు, లేపాక్షి, అహోబిలం. రాయలసీమ వాళ్లం ఒక విధంగా అదృష్టవంతులం. ఏ ప్రయాణాల పత్రికైనా రెండు మూడేళ్లలో ఒకసారి మన వైపు వచ్చి తీరుతుంది. ఆ సంచిక సంపాదించండి. మనకు తెలిసిన చోటు గురించి నిజం రాసినవాళ్లు మనం చూడబోని చోటు గురించి కూడా చాలావరకు నిజమే రాస్తారు.

ఇదిగో, ఆ ఆరు పేజీలు ఇప్పటికీ దాచుకున్నాను. దగ్గరగా చూద్దాం.

మొదటి రెండు పేజీల నిండా ఫోటో. పెన్నా లోయ, కింద ఆకుపచ్చగా నిండా నీళ్లు, పైన ఎర్రటి రాతి గోడలు. ఫోటో అద్భుతంగా ఉంది. కానీ ఏ నెలలో తీసిందో రాయలేదు. మన వాళ్లకు తెలుసు, ఆ లోయలో నీళ్లు కింద మైలవరం ఆనకట్ట దగ్గర నిలిచే నీటిని బట్టి ఉంటాయి. వర్షాలు బాగా పడిన ఏడాది ఒక తీరు, ఎండాకాలం చివర ఇంకో తీరు. ఆ బొమ్మ చూసి మే నెలలో హైదరాబాదు నుంచి పిల్లల్ని వెంటేసుకుని వచ్చిన కుటుంబం, కింద ఇసుక మేటలు చూసి మనల్ని తిట్టుకుని పోతుంది. మంచి పత్రిక ఫోటో కింద నెల వేస్తుంది. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ నేను ముందు చూసేది అదే.

మూడో పేజీలో "గ్రానైట్ గోడల మధ్య పెన్నా" అని రాశారు. అది గ్రానైట్ కాదు. కోట్ల ఏళ్ల కిందట పేరుకున్న ఇసుక గట్టిపడి రాయిగా మారిన క్వార్ట్‌జైట్. అందుకే ఆ గోడలు ఇటుకలు పేర్చినట్టు పొరలు పొరలుగా కనిపిస్తాయి. గ్రానైట్ అట్లా పొరలుగా ఉండదు. భూగర్భ శాస్త్రంలో ఆ రాతి పొరకు ఉన్న పేరే గండికోట క్వార్ట్‌జైట్. మన కడప బేసిన్, అంటే ఈ రాతి పొరలు పేరుకున్న పల్లపు ప్రాంతం, గురించి భూగర్భ శాస్త్రం చదివిన చాలామందికి తెలుసు. వంద కోట్ల ఏళ్లకు పైబడిన రాళ్లవి. పక్కన నిలబడి చూసినవాడికి ఆ పొరలు కనిపిస్తాయి. ఇవి ఎందుకిట్లా ఉన్నాయని ఎవరినైనా ఒక మాట అడుగుతాడు. కుర్చీలో కూర్చుని రాసినవాడు గ్రానైట్ అని రాస్తాడు.

నాలుగో పేజీలో తావెర్నియె పేరు వచ్చింది. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి గండికోటకు వచ్చాడని ఒక వాక్యం. అంతటితో సరి. అప్పుడు కోటలో ఉన్నది గోల్కొండ సేనాని మీర్ జుమ్లా అని, పెమ్మసాని నాయకుల నుంచి ఆయన కోట గెలుచుకున్న కొత్త రోజులవి అని, వజ్రాల వ్యాపారికి ఆయనతో పని ఉండే ఇంత దూరం ఎక్కి వచ్చాడని ఇంకో రెండు వాక్యాలు రాసి ఉంటే చదివేవాడి కళ్ల ముందు కోట లేచి నిలబడేది. పేరు అలంకారానికి వాడుకోవడం వేరు, ఆ మనిషి అక్కడికి ఎందుకు వచ్చాడో చెప్పడం వేరు.

ఇక చివరి పేజీ. పెట్టె కట్టి "ఎలా వెళ్లాలి, ఎక్కడ ఉండాలి" అని వేస్తారు కదా, అది. దగ్గరి విమానాశ్రయం పేరు ఉంది. జమ్మలమడుగు పేరే లేదు! జమ్మలమడుగు పేరు లేకుండా గండికోటకు దారి ఎట్లా చెబుతారు? మసీదు, ధాన్యాగారం, రంగనాథస్వామి గుడి దాటి లోయ అంచుకు పోవాలంటే బండరాళ్ల మీద నడవాలని, చీర కట్టుకున్న పెద్దవాళ్లకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది కష్టమని, నీళ్లు వెంట తీసుకుపోవాలని ఒక్క ముక్క లేదు. మూడు వందల అడుగుల లోయ అంచున పిల్లల చెయ్యి వదలకూడదని ఎక్కడా లేదు. దీని గురించి నాకు కోపం వస్తుంది. రాళ్ల పేరు తప్పు రాస్తే చదువు పాడవుతుంది. ఇది రాయకపోతే మనుషులకు ప్రమాదం.

ఇట్లాంటి పరీక్ష మీరు కూడా చేయొచ్చు, నా మాదిరి మ్యాపులు తిప్పినవాళ్లే కానక్కర్లేదు. ఇంకా సులువైనది ఒకటి చెబుతాను. 2022 ఏప్రిల్‌లో మన జిల్లాలు మారాయి. బెలుం గుహలు, అహోబిలం, శ్రీశైలం నంద్యాల జిల్లాలోకి పోయాయి. లేపాక్షి, కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి. ఆ తర్వాత వచ్చిన సంచికలో "కర్నూలు జిల్లా బెలుం", "అనంతపురం జిల్లా లేపాక్షి" అని కనిపిస్తే, వాళ్లు పాత కథనం నుంచి ఎత్తి రాశారన్నమాట. జిల్లా పేరు సరిచూసుకోని వాళ్లు బస్సు, గది అద్దె, గుడి తెరిచే వేళ సరిచూసుకుంటారా?

బెలుం విషయంలోనే ఒక మంచి కథనం కూడా చదివాను, అది చెప్పకపోతే అన్యాయం. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఆ గుహల గురించి రాశాడని, మళ్లీ వందేళ్లకు 1982, 83లలో గుహలు శోధించే జర్మన్ డేనియల్ గెబాయర్ బృందం లోపలికి దిగి కొలిచిందని, మొత్తం 3,229 మీటర్లని, అందులో సుమారు కిలోమీటరున్నర మాత్రమే జనానికి తెరిచారని అన్నీ పొందిగ్గా చెప్పింది. అవన్నీ ఎవరైనా సేకరించొచ్చు. కానీ ఆ కథనం రాసిన అమ్మాయి ఇంకొక్కటి రాసింది: లోపలికి దిగిన పది నిమిషాల్లో కళ్లద్దాల మీద ఆవిరి పట్టి ఏమీ కనిపించలేదని, చొక్కా ఒంటికి అతుక్కుపోయిందని, గుహంటే చల్లగా ఉంటుందనుకుని శాలువా తెచ్చుకున్న ముసలామె దాన్ని తీసి మనవడి చేతికిచ్చిందని. చదివీ చదవగానే నేను పెన్సిల్‌తో గీత గీశాను. బెలుంలో ఉక్కపోత ఎట్లుంటుందో మనకు తెలుసు కదా. ఆమె దిగింది, చూసింది, రాసింది. ఆ పత్రికకు మరుసటి వారమే చందా కట్టాను.

మన తెలుగులో ఈ పనికి గట్టి కొలబద్ద ఒకటి ఎప్పుడో తయారైంది. ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే అనువాదకుడిగా, పనిచేసినవారు. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి మన కడప మీదుగా, అహోబిలం, శ్రీశైలం దాటి కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. ఆ రాతలు 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. నేను పిల్లలకు అది చూపించినప్పుడు మొదట గుళ్ల వర్ణనలు చూపించలేదు. ప్రతి మజిలీ దగ్గర ఆయన ఏం రాశారో చూడమన్నాను. ఎంత దూరం వచ్చామో, దారి ఎట్లా ఉందో, దిగడానికి చోటు ఉందో లేదో, నీళ్లు ఎట్లాంటివో, బజారులో సామాన్లు దొరుకుతాయో లేదో. రెండు వందల ఏళ్లు కావస్తోంది. రైలు లేదు, ఫోన్ లేదు, ఫోటో లేదు. వెనక వచ్చేవాడు కష్టపడకూడదన్న తపనతో రాశారు. ఈ రోజు నున్నటి కాగితం మీద రంగుల్లో అచ్చయ్యే పత్రికలో ఆ తపన ఉందా అని చూడండి.

ఇప్పుడు డబ్బు విషయం. ఖర్చు ఎవరు పెట్టారు అన్నది. ఒక హోటల్ వాళ్లు రచయితను పిలిచి, టికెట్లు కొని, మూడు రోజులు ఉచితంగా ఉంచుకుంటే ఆయన ఆ హోటల్లో నీళ్లు రాలేదని రాయగలడా? మొహమాటం అడ్డొస్తుంది. మన ఇళ్లలో పెళ్లి భోజనం తిన్నాక బాగాలేదని ఎవరంటారు? 1987లో అమెరికాలో కోండె నాస్ట్ ట్రావెలర్ మొదలుపెట్టినప్పుడు దాని సంపాదకుడు హెరాల్డ్ ఎవాన్స్ ఈ సంగతినే పట్టుకున్నాడు. మా రచయితలు ఉచిత ప్రయాణాలు తీసుకోరు, వాళ్ల ఖర్చు పత్రికే పెట్టుకుంటుంది అన్నాడు. "ప్రయాణంలో నిజం" అన్నదే ఆ పత్రిక నినాదం. అప్పటి ప్రయాణాల పత్రికల్లో అది పెద్ద మాట.

మీరు ఏ పత్రికైనా తిరగేసేటప్పుడు కథనం చివర చిన్న అక్షరాలు చదవండి. "ఫలానా వారి ఆతిథ్యంలో" అని నిజాయతీగా వేసుకుంటే నాకు అభ్యంతరం లేదు, నేను తగ్గించుకుని చదువుకుంటాను. అసలు చిక్కు అది వేయకపోవడంతోనే. ఇంకోటి, పేజీ పైన మూలన చీమ తలకాయంత అక్షరాల్లో "అడ్వర్టోరియల్" అని, "ప్రమోషన్" అని ఉంటుంది. కథనం మాదిరే ఉంటుంది, అదే అచ్చు, అదే ఫోటోలు. అది ప్రకటన. వార్త వేరు, ప్రకటన వేరు అని పాఠకుడికి స్పష్టంగా తెలియాలని ప్రెస్ కౌన్సిల్ నియమావళే చెబుతోంది. ఒక సంచిక తీసుకుని పెన్సిల్‌తో ఈ పేజీలకు గుర్తు పెట్టుకుంటూ పోండి. నేరుగా ప్రకటనలు కొన్ని ఉంటాయి, ఉండాలి కూడా, లేకపోతే పత్రిక నడవదు. దొంగ ప్రకటనలు ఎన్ని ఉన్నాయో లెక్క చూడండి. సగం దాటితే ఆ పత్రిక ఉచితంగా ఇచ్చినా నేను పిల్లల చేతికి ఇవ్వను.

ఏ పత్రిక అని అడుగుతారు, తెలుసు. ఇంగ్లీషులో మన దేశం నుంచి వచ్చేవాటిలో ఔట్‌లుక్ ట్రావెలర్ 2001లో మొదలైంది, మన దేశంలోని ఊళ్లకు చోటు బాగా ఇస్తుందని నా అభిప్రాయం. కోండె నాస్ట్ ట్రావెలర్ భారతీయ సంచిక 2010లో వచ్చింది, ఎక్కువగా ఖరీదైన హోటళ్లు, విదేశాలు. చూడ్డానికి అందంగా ఉంటుంది, మన జేబుకు మాత్రం దూరం. మలయాళంలో మాతృభూమి వాళ్లది "యాత్ర", మనోరమ వాళ్లది "ట్రావెలర్" ఉన్నాయి. బెంగాలీలో "భ్రమణ్" ఉంది. మలయాళీ ఇంట్లో పదో తరగతి పిల్ల తన భాషలో లడఖ్ గురించి చదువుకుంటుంది. మన పిల్ల ఆదివారం అనుబంధంలో ఒక్క పేజీతో సరిపెట్టుకోవాలి. ఇది నాకు నిజంగా కడుపు తరుక్కుపోయే విషయం. తిరిగేవాళ్లు మనలో తక్కువా? కాశీకి, రామేశ్వరానికి, ఇప్పుడు వియత్నాం దాకా పోతున్నాం. వచ్చి రాసేవాళ్లు కూడా ఉన్నారు. నెల నెలా వాళ్ల చేత రాయించి, సరిచూసి, అచ్చు వేసే గట్టి తెలుగు పత్రిక ఎవరైనా తెస్తే మొదటి చందా నాది.

చందా ఎన్నేళ్లకు కట్టాలి? ఒక్క ఏడాదికే. నా సూట్‌కేసు కథ విన్నారు కదా. పెద్ద పత్రికలకు కూడా ఇప్పుడు కాలం బాగాలేదు. 1888 నుంచి వస్తున్న నేషనల్ జియోగ్రాఫిక్, ఆ పసుపు అంచు పత్రిక, 2023లో తన దగ్గర మిగిలిన ఉద్యోగ రచయితలను కూడా తీసేసింది. అమెరికాలో కొట్లలో విడి సంచికలు అమ్మడం ఆపేసింది. అంతటి పత్రికకే అట్లా అయితే నిన్న కాక మొన్న పుట్టిన పత్రిక మూడేళ్లు ఉంటుందన్న భరోసా ఏముంది? మరో మాట, చందా కట్టేముందు మూడు విడి సంచికలు కొనండి. వరస నెలలవి కాదు, వేరు వేరు కాలాలవి. పాత పేపర్ల కొట్లో దొరుకుతాయి, పావు ధరకు. లోపల ముద్రించినవారు, ప్రచురించినవారు, సంపాదకులు, ఊరు అని ఉండే పెట్టె చూడండి. 1867 చట్టం నాటి నుంచి మన దేశంలో అది వేయాలన్న నియమం ఉంది, ఆ చట్టం స్థానంలో ఇప్పుడు 2023 చట్టం వచ్చింది. ఏడాది తేడాతో ఉన్న రెండు సంచికల్లో సంపాదకుడి పేరు, రచయితల పేర్లు పూర్తిగా మారిపోయి ఉంటే కొంచెం ఆగండి.

పోస్టు గురించి ఒక్క మాట. చిరునామాలో పిన్‌కోడ్‌తో పాటు ఇంటి దగ్గరి గుర్తు, ఫోన్ నంబరు రాయండి. లావుపాటి పత్రిక చిన్న పెట్టెలో పట్టదు, గేటు మీద పెట్టి పోతారు, వానకు తడుస్తుంది. మా వీధిలో నాలుగు ఇళ్ల వాళ్లం కలిసి రెండు పత్రికలకు కడతాం, బళ్లో పనిచేసే ఒకాయన చిరునామాకు తెప్పిస్తాం. అక్కడైతే ఎవరో ఒకరు తీసుకుంటారు. నెల తిరిగేసరికి నాలుగు ఇళ్లు చుట్టి వస్తాయి.

అక్కడ ఒక అమ్మాయి చెయ్యి ఎత్తింది. చెప్పమ్మా.

"సార్, ఫోన్లో వీడియోలు అన్నీ ఉన్నాయి కదా, ఇంక పత్రిక ఎందుకు సార్?"

మంచి ప్రశ్న అడిగావమ్మా. వీడియో చూడు, తప్పు లేదు. దారి, రద్దీ, గది ఎట్లా ఉందో వీడియోలోనే బాగా తెలుస్తుంది. డబ్బు తీసుకుని చేసినదా కాదా అని మాత్రం అక్కడా చూసుకో. పత్రికలో నేను వెతికేది వేరు. మా అమ్మకు ఎనభై దాటాక మోకాళ్లు పోయాయి. గడప దాటలేదు. సాయంత్రం వసారాలో కూర్చోబెట్టి పత్రిక చదివి తెలుగులో చెప్పేవాణ్ని. ఒకరోజు గంగోత్రి గురించి చెబుతుంటే, "నాయనా, ఆ నీళ్లు తాకితే చెయ్యి ఎంతసేపు తిమ్మిరెక్కిందని రాసినాడు?" అని అడిగింది. రాశాడు. రెండు నిమిషాలని రాశాడు. అమ్మ తన చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. అది రాసిన మనిషి చెయ్యి నిజంగా నీళ్లలో పెట్టాడు, లెక్క చూశాడు. ఆ పత్రికకు అమ్మ ఉన్నన్నాళ్లూ చందా ఆపలేదు.

వెనక బల్ల మీద ఏడు పత్రికల పాత సంచికలు పెట్టాను. ఏడింటిలోనూ మన సీమ గురించిన కథనం ఉంది, పేజీలకు కాగితం ముక్కలు పెట్టాను. పెన్సిళ్లు కూడా ఉన్నాయి. జమ్మలమడుగు వాళ్లు, కొలిమిగుండ్ల వాళ్లు, లేపాక్షి వైపు నుంచి వచ్చినవాళ్లు మీ ఊరి పేజీ చదవండి. తప్పు కనిపిస్తే పక్కన రాయండి, రాసినవాళ్లు నిజంగా చూసి రాశారనిపించిన చోట గీత గీయండి. టీ తాగాక అందరం కలిసి చూద్దాం.